అబ్‌స్ట్రాక్ట్ అప్పజెప్పే పిల్లలతో పేపర్ చదివించేదెట్లా?

ప్రశ్న: హనుమకొండలో ఒక నర్సింగ్ కాలేజీలో ట్యూటర్‌ని. బీఎస్సీ చివరి సంవత్సరం పిల్లలు నలభై మంది. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, నర్సంపేట వైపు నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ, సగం మందిది పదో తరగతి దాకా తెలుగు మీడియమే. వారానికి ఒక గంట జర్నల్ క్లబ్, అంటే పరిశోధన పేపర్లు చదివి చర్చించే క్లాసు, నాకు అప్పగించారు. ఒకరు పీపీటీ పెట్టి పేపర్ మొదట్లో ఉండే సారాంశం, అబ్‌స్ట్రాక్ట్, చదువుతారు, "పీ వాల్యూ 0.05 కంటే తక్కువ ఉంది, కాబట్టి స్టడీ మంచిది" అని కూర్చుంటారు. ఒక్క ప్రశ్న వేస్తే అందరూ తల దించుకుంటారు. స్టాటిస్టిక్స్ మళ్లీ మొదటి నుంచి చెప్పాలా? పేపర్లు తెలుగులోకి మార్చి ఇవ్వాలా? నాకే కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ సరిగ్గా అర్థం కాలేదంటే నవ్వకండి.

జవాబు: నవ్వేదేముంది మేడమ్? పుస్తకంలో నిర్వచనం చదివి కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ అర్థం చేసుకున్నవాళ్లు తక్కువ. చేత్తో గింజలు తీసి చూస్తే పావుగంటలో అర్థమవుతుంది. దాని దగ్గరికి వస్తాం. ముందు మీ రెండు ప్రశ్నలకు సూటిగా జవాబు: స్టాటిస్టిక్స్ మళ్లీ మొదలుపెట్టొద్దు, పేపర్ తెలుగు చేసి ఇవ్వొద్దు.

మీన్, మీడియన్, స్టాండర్డ్ డీవియేషన్, టీ టెస్ట్ అంటూ వరుసగా పోతే పేపర్ ముట్టుకునేసరికి సెమిస్టర్ అయిపోతుంది. పైగా మీ పిల్లలు ఆ పాఠాలు ఒకసారి రాసి పాసైనవాళ్లే. సూత్రం వచ్చు, అది దేనికో తెలియదు. ఇక అనువాదం. మీరు కష్టపడి పేపరంతా తెలుగు చేసి ఇస్తే, వాళ్లు తెలుగు అబ్‌స్ట్రాక్ట్ అప్పజెబుతారు, అంతే తేడా. రాండమైజేషన్, బ్లైండింగ్, ఫాలో-అప్ లాంటి ఇరవై మాటలు అట్లాగే ఉంచి, ఒక్కోదానికి రెండు లైన్ల అర్థం రాసి గోడకు అంటించండి, చాలు. తెలుగు కావలసింది చివర్లో. గంట అయ్యాక ప్రతి ఒక్కరూ ఒకటి రెండు వాక్యాలు తెలుగులో రాయాలి. వార్డు బయట చాప పరుచుకుని కూర్చున్న అటెండెంట్ కోసం. "సిస్టర్, ఈ సూదితోని మా నాయినకు నయమైతదా?" అని ఆయన అడిగాడు. పేపర్‌లోని అంకె జారిపోకుండా, ఆయనకు అర్థమయ్యేటట్టు జవాబు రాయగలిగితే ఆ పేపర్ చదివినట్టు. "గణాంకపరంగా ప్రాముఖ్యత గల వ్యత్యాసం కలదు" అని రాసినవాళ్ల కాగితం వెనక్కిచ్చేయండి.

జర్నల్ క్లబ్‌లు చప్పబడడానికి పెద్ద కారణం, పేపర్‌ను ప్రెజెంట్ చేసే పిల్లకే వదిలేయడం. ఆ అమ్మాయి గూగుల్‌లో మొదట దొరికిన పీడీఎఫ్ తెస్తుంది. అది డబ్బు కడితే ఏదైనా అచ్చేసే జర్నల్‌లోది కావచ్చు. మొదటి ఆరు వారాలు పేపర్ మీరే ఎంచండి. రెండే గుంపులు ఉండాలి. ఫలితం చేత్తో లెక్కపెట్టగలిగేది కావాలి: చావు, కాన్పు, ఇన్‌ఫెక్షన్ లాంటిది. పబ్‌మెడ్‌లో వెతికితే పక్కన ఉచిత పూర్తి పాఠానికి ఒక ఫిల్టర్ ఉంటుంది, అది నొక్కి వెతకండి. జిరాక్స్ తీయించేటప్పుడు అబ్‌స్ట్రాక్ట్ మీద, చివరి కన్‌క్లూజన్ మీద తెల్లకాగితం పెట్టి మూసేయండి. చిన్న పనే, కానీ సగం జబ్బు దీనితోనే కుదురుతుంది. జవాబు కనిపించకపోతే టేబుల్ చూడక తప్పదు.

మొదటి వారానికి మా సలహా రికవరీ ట్రయల్, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు (డెక్సా) పేపర్. 2020లో బ్రిటన్ ఆసుపత్రుల్లో జరిగింది, 6,425 మంది రోగులు. కరోనా అందరూ చూసిందే కాబట్టి రోగం గురించి చెప్పడానికి టైమ్ పోదు. బోర్డు మీద నాలుగు ప్రశ్నలు రాయండి: ఎవరికి? ఏమిచ్చారు? దేనితో పోల్చారు? ఏం లెక్కపెట్టారు? పుస్తకాలు పీకో అనేది ఇదే. మొదటిదానికి పిల్లలు "కరోనా పేషెంట్లు" అని రాస్తారు. ఒప్పుకోకండి. "ఆసుపత్రిలో చేరిన కరోనా పేషెంట్లు." ఆ ఒక్క మాట తర్వాత ఎంత పని చేస్తుందో వాళ్లే చూస్తారు. మిగతావి సులువు: రోజుకు ఒకసారి 6 మిల్లీగ్రాముల డెక్సా, పది రోజుల దాకా లేదా డిశ్చార్జి అయ్యేదాకా, మామూలు వైద్యంతో పోలిక, 28 రోజుల్లో మరణం.

తర్వాత పర్సెంటేజీలు లేకుండా ఉత్త అంకెలు బోర్డు మీద వేయండి. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో డెక్సా ఇచ్చిన 324 మందిలో 95 మరణాలు, మామూలు వైద్యం అందిన 683 మందిలో 283. వెంటిలేటర్ లేకుండా ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో 1,279కి 298, 2,604కి 682. ఆక్సిజన్ అవసరమే లేనివాళ్లలో 501కి 89, 1,034కి 145. నలుగురేసి చొప్పున పది జట్లు చేసి, ఫోన్లో క్యాలిక్యులేటర్ తీయమనండి. ఒక గుంపు రెండోదానికి రెట్టింపు ఎందుకుందని ఎవరో ఒకరు అడుగుతారు, అడగకపోతే మీరే అడగండి. ఒకరికి డెక్సా పడితే ఇద్దరికి మామూలు వైద్యం పడేటట్టు లాటరీ పెట్టారు కాబట్టి. మరణాల సంఖ్యలను నేరుగా పోల్చకూడదని, కింద ఎంతమంది ఉన్నారో చూసే పోల్చాలని అక్కడే తెలుస్తుంది.

వెంటిలేటర్ లెక్క 41.4 శాతం నుంచి 29.3కి దిగింది. ఇక్కడ ఆగండి, ఎందుకంటే తప్పు దొర్లేది ఇక్కడే. "మరణాలు మూడో వంతు తగ్గాయి" అని వార్తాపత్రికలు, టీవీలు చెప్పాయి. పరిశోధన పేపర్‌లో ఆ అంకె, వయసు తేడాలు సర్ది వేసిన నిష్పత్తి, 0.64 అని ఉంటుంది. అది అబద్ధం కాదు. కానీ "మూడో వంతు" అన్న మాటకు దేనిలో మూడో వంతో చెప్పకపోతే అర్థం లేదు. మూడు రూపాయల్లో ఒక రూపాయి తగ్గినా మూడో వంతే, మూడు లక్షల్లో లక్ష తగ్గినా మూడో వంతే. అందుకే తీసివేత చేయించండి: 41.4లో 29.3 పోతే 12.1. వందను 12.1తో భాగిస్తే సుమారు 8. ఎనిమిది మందికి ఇస్తే ఒక ప్రాణం ఎక్కువ నిలుస్తుంది. ఆక్సిజన్ వాళ్లలో 26.2కీ 23.3కీ తేడా 2.9, సుమారు 35 మందికి ఇస్తే ఒకరు. మందు అదే, డోసు అదే, అక్కడ ఎనిమిది, ఇక్కడ ముప్పై ఐదు.

మూడో లైను దగ్గర క్లాసు నిశ్శబ్దమవుతుంది. ఆక్సిజన్ అక్కర్లేనివాళ్లలో డెక్సా తీసుకున్నవాళ్లే ఎక్కువ చనిపోయారు: 17.8 శాతం, అవతల 14.0. దాని పక్కన 0.92 నుంచి 1.55 అని ఉంటుంది. దాని అర్థం గింజల దగ్గర చెప్పండి. ఇప్పటికి చెప్పాల్సింది ఇంతే: ఈ గుంపులో మేలు కనిపించలేదు, కీడు ఉండే అవకాశాన్ని కొట్టేయలేం. 2021లో రెండో వేవ్‌లో దగ్గు మొదలైన రోజే ఊళ్లలో స్టెరాయిడ్ మాత్రలు మింగినవాళ్లు ప్రతి పిల్లకూ గుర్తుంటారు. వాళ్లకు మందు రాసినవాళ్లు ఈ పేపర్‌లో మొదటి లైను విన్నారు, మూడో లైను దాకా పోలేదు. "ఆసుపత్రిలో చేరిన" అన్న మాట దగ్గర మీరు ఎందుకు పట్టుబట్టారో ఇప్పుడు వివరించే పని లేదు.

అటెండెంట్‌కు రాసే వాక్యం ఇట్లా రావాలి: "ఇట్ల వెంటిలేటర్ మీదున్న వంద మందిల మామూలు వైద్యంతోని 41 మంది పోయిన్రు, ఈ మందు కలిపితే 29 మంది. మీ నాయిన ఏ దిక్కుంటడో ముందుగాల చెప్పలేం, గనీ ఇచ్చుడే మంచిది." వరంగల్ మాటలోనే రాయనివ్వండి. పుస్తక భాషలో రాయమంటే మళ్లీ "కలదు, గలదు" మొదలవుతుంది.

రెండో వారం గింజలు. మార్కెట్లో పావుకిలో మక్కలు కొనండి. 500 గింజలు లెక్కపెట్టి, అందులో 150 ఎర్ర సిరాలో ముంచి ఆరబెట్టండి. అంటే సంచిలో ఎర్రవి 30 శాతం. అది మీకు తెలుసు, పిల్లలకు చెప్పొద్దు. ఒక్కొక్కరూ చూడకుండా పది గింజలు తీసి, ఎర్రవి ఎన్నో బోర్డు మీద రాసి, తిరిగి సంచిలో వేసి కలపాలి. ఒకరికి ఒక్కటే వస్తుంది, ఇంకొకరికి ఐదు వస్తాయి. సంచి ఒకటే కదా, జవాబులు ఇన్ని ఎందుకు? ఇప్పుడు పది బదులు యాభై గింజలు తీయమనండి. ఎక్కువమందికి పదికీ ఇరవైకీ మధ్య, అంటే 20 నుంచి 40 శాతంలోపు వస్తుంది. శాంపిల్ పెరిగితే జవాబు చుట్టూ ఉన్న కంచె ఇరుకవుతుంది. ఆ కంచే కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్. ఇదే పని వందసార్లు చేసి, ప్రతిసారీ ఒక కంచె కట్టుకుంటూ పోతే, సుమారు 95 కంచెల్లో అసలు 30 లోపల పడుతుంది. మన చేతిలో ఉన్న పేపర్ ఆ వందలో ఒక కంచె మాత్రమే.

ఇప్పుడు వెనకటి వారం అంకె తీయండి. 0.92 నుంచి 1.55. నిష్పత్తి 1 అంటే రెండు గుంపులకూ తేడా లేదని. ఈ కంచెలో 1 లోపలే ఉంది. అంటే కొద్దిగా మేలు కావచ్చు, సగానికి సగం ఎక్కువ కీడూ కావచ్చు. దీన్ని చూసి "తేడా లేదని రుజువైంది" అని రాస్తారు పిల్లలు. తప్పు. తేడా ఉందో లేదో ఈ సంఖ్యతో తేలలేదు, అంతే. వెంటిలేటర్ వాళ్ల కంచె 0.51 నుంచి 0.81, కంచె మొత్తం 1కి ఇవతలే ఉంది. పీ వాల్యూ చెప్పని రెండు సంగతులు ఇక్కడ ఉన్నాయి: మేలు ఎంత, దాని మీద ఎంత నమ్మకం పెట్టొచ్చు.

పీ వాల్యూ కూడా అదే సంచితో అయిపోతుంది. పది గింజలు తీసినప్పటి లెక్కలు పక్కపక్కన కూర్చున్నవాళ్లవి జతలు చేయండి. ఒకరు "మందు గుంపు", ఇంకొకరు "కంట్రోల్", అంటే మందు పడని గుంపు. సంచి ఒకటే, మందన్నదే లేదు. అయినా ఇరవై జతల్లో సుమారు నాలుగైదు జతల మధ్య మూడు గింజలో అంతకు మించో తేడా వచ్చి ఉంటుంది. ఏ కారణమూ లేకుండా కేవలం అదృష్టం వల్ల ఇంత తేడా, లేదా ఇంతకు మించిన తేడా, ఎంత తరచుగా వస్తుందో చెప్పేదే పీ వాల్యూ. మందు పనిచేసే అవకాశం 95 శాతం అని కాదు. ఒక పేపర్‌లో ఇరవై ఫలితాలు కొలిచి, ఒకదానికి 0.04 వచ్చిందని పండగ చేసుకుంటే, పిల్లలు ఆ ఇరవై జతలను గుర్తు చేసుకుంటారు.

లెక్కలు ఇంతే. అసలు పేపర్లు చెడేది లెక్కల దగ్గర తక్కువ, మనుషుల్ని గుంపులుగా చేసిన చోట ఎక్కువ. మెథడ్స్‌లో "రాండమ్‌గా కేటాయించాం" అన్న మాట కనిపించగానే సరే అనుకోవద్దు, ఎట్లా చేశారని అడగమనండి. ఓపీ చీటీ నంబర్ సరి అయితే మందు, బేసి అయితే మామూలు వైద్యం అని రాసి ఉంటే అది లాటరీ కాదు. తర్వాతి చీటీ ఏమిటో డ్యూటీలో ఉన్నవాళ్లకు ముందే తెలిసిపోతుంది. బాగా నీరసించిన ముసలాయన వచ్చాడు, కొత్త మందు గుంపు వంతు. "పాపం, ఈయన తట్టుకోడు" అని ఇంకొకరిని ముందు పంపుతారు. దుర్బుద్ధి ఏమీ లేదు, జాలి. కానీ ఆ జాలి వల్ల మందు గుంపులో గట్టివాళ్లు, కంట్రోల్‌లో బలహీనులు చేరతారు. మందు ఏమీ చేయకపోయినా గెలుస్తుంది. అందుకే వరుస సంఖ్య వేసిన, వెలుగులో పెట్టినా లోపలిది కనిపించని సీలు కవర్లు గానీ, ఫోన్ లేదా కంప్యూటర్ ద్వారా కేంద్రం నుంచి కేటాయింపు గానీ ఉండాలి. దీన్ని అలొకేషన్ కన్సీల్‌మెంట్ అంటారు. ఎవరికి ఏ మందు పడుతోందో తెలియకుండా ఉంచే బ్లైండింగ్ వేరు, ఇది వేరు; ఎండీ పిల్లలు కూడా కలిపేస్తుంటారు. కన్సీల్‌మెంట్ గుంపులో చేరేముందు, బ్లైండింగ్ చేరిన తర్వాత.

రికవరీలో బ్లైండింగ్ లేదు. ఎవరికి డెక్సా వెళ్తోందో డాక్టర్లకూ రోగులకూ తెలుసు. అది లోపమా అని ఓటింగ్ పెట్టండి. చెక్‌లిస్ట్ పట్టుకున్నవాళ్లు లోపం అంటారు. కానీ లెక్కపెట్టింది మరణం. మందు ఏదో తెలిసినంత మాత్రాన మనిషి చనిపోయాడా లేదా అన్న లెక్క మారదు. అదే "నొప్పి పదికి ఎంత?" అని అడిగే స్టడీ అయితే బ్లైండింగ్ లేకపోవడం పేపర్‌ను ముంచేస్తుంది. చెక్‌లిస్టులు చెడ్డవని కాదు. పేపర్ నాణ్యత చూడడానికి క్యాస్ప్ అనే సంస్థ ఇచ్చే పదకొండు ప్రశ్నల ఫారం మంచిదే. కానీ మొదటి రోజే ఇస్తే పిల్లలు టిక్కులు కొట్టి, "11కి 9" అని మార్కులేసి పేపర్‌ను పాస్ చేస్తారు. ఐదారు పేపర్లు ఉత్త చేతులతో చదివాక ఇవ్వండి.

ఇంకో ఇబ్బందికరమైన సంగతి. మన నర్సింగ్ కాలేజీల లైబ్రరీల్లో అలమారాలు నిండి ఉన్న డిసర్టేషన్లు: "ఫలానా అంశం మీద జ్ఞానంపై స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రాం ప్రభావం". అరవై మంది, దొరికినవాళ్లను దొరికినట్టు తీసుకుంటారు. ముప్పై ప్రశ్నల ప్రీ టెస్ట్, ముప్పావుగంట పాఠం, ఏడో రోజు అవే ముప్పై ప్రశ్నలు. మార్కులు పెరుగుతాయి, పీ వాల్యూ 0.001. పెరగకపోతే ఆశ్చర్యపోవాలి గానీ, పెరిగితే ఏముంది? ప్రశ్నలు ముందే చూశారు. పాఠం వినని గుంపు లేదు, కాబట్టి పాఠం వల్ల పెరిగిందో, హాస్టల్లో ఒకరినొకరు అడిగి తెలుసుకున్నందువల్ల పెరిగిందో తెలియదు. అన్నిటికంటే ముఖ్యం, పాఠం చేతుల శుభ్రత మీదైతే, చేతులు కడుక్కోవాలని తెలిసినవాళ్లు కడుక్కుంటున్నారా అన్నది ఎవరూ చూడలేదు. పేరు, ఊరు, కాలేజీ కొట్టేసి ఇట్లాంటిది ఒకటి మూడో నెలలో క్లాసుకు ఇవ్వండి. రేపు వాళ్లు చేయబోయేదీ ఇదే కాబట్టి. అంతే కష్టంతో ఇంతకంటే మంచి స్టడీ ఎట్లా చేయొచ్చో అడగండి: క్లాసును లాటరీ తీసి రెండు చేసి, ఒక సగానికి పాఠం ఇప్పుడు, రెండో సగానికి నెల తర్వాత, జ్ఞానం మార్కులకు బదులు, వార్డు డ్యూటీలో రోగిని ముట్టుకునే ముందు చేతులు శుభ్రం చేసుకున్న సందర్భాలు వందకు ఎన్నో లెక్కపెట్టడం. లెక్కపెట్టేవాళ్లకు ఎవరు ఏ సగమో తెలియకూడదు. తొంభై పేజీల డిసర్టేషన్ కంటే ఈ ఒక్క పేజీ ప్లాన్ విలువైనది.

లాటరీ లేని స్టడీలకు ఒక వారం చాలు. మీ పిల్లల్లో సిరిసిల్ల, జగిత్యాల వైపు నుంచి వచ్చినవాళ్లు ఒకరిద్దరున్నా బీడీల ఉదాహరణ ఇవ్వండి. బీడీలు చుట్టే తల్లులకు తక్కువ బరువు బిడ్డలు పుడుతున్నారని ఒక సర్వేలో వచ్చిందనుకుందాం. ఆకూ తంబాకూ దుమ్మే కారణమా? బీడీలు చుట్టే ఇంట్లో డబ్బు తక్కువ, తిండి తక్కువ, రక్తహీనత ఎక్కువ ఉండొచ్చు. చాటున ఉన్న ఆ మూడో కారణమే కన్‌ఫౌండర్. తంబాకు అమాయకమైనదని దీని అర్థం కాదు. ఈ సర్వే ఒక్కదానితో ఏది ఎంతో విడదీయలేమని. బోర్డు మీద బాణం గుర్తులు వాళ్లతోనే వేయించండి.

సరోగేట్, అంటే మనిషికి ఏమైందో చూడకుండా దాని బదులు కొలిచే అంకె, గురించి చెప్పడానికి క్యాస్ట్ ట్రయల్‌ను మించింది లేదు. గుండెపోటు వచ్చి తేరుకున్నవాళ్లలో గుండె లయ తప్పి కొట్టుకోవడం ఎక్కువుంటే హఠాత్తుగా చనిపోయే ముప్పు ఎక్కువ. కాబట్టి ఆ లయ తప్పడాన్ని అణిచే ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ మందులు ఇస్తే బతుకుతారని 1980ల్లో డాక్టర్లు నమ్మి రాశారు. ఈసీజీ నిజంగానే చక్కబడేది. ట్రయల్ పెట్టి చూస్తే మందు తీసుకున్న 755 మందిలో 63 మంది, ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 743 మందిలో 26 మంది చనిపోయారు. 1989లో ఆ రెండు మందులనూ ట్రయల్‌లో ఆపేశారు. తీసివేత పిల్లలతోనే చేయించండి: ఇరవై ఒక్క మందికి ఇస్తే ఒక చావు ఎక్కువ. షుగర్ అంకె తగ్గింది, బీపీ అంకె తగ్గింది, స్కాన్‌లో మచ్చ తగ్గింది అని చెప్పే ఏ పేపర్ వచ్చినా ఆ తర్వాత వాళ్లు అడగాల్సింది ఒకటే: మనిషికేమైంది?

ఇక పేపర్ బాగుంది, లెక్క బాగుంది, కానీ మన రోగికి సరిపోతుందా? దీనికి రెండు పేపర్లు. మొదటిది క్రాష్-2, 2010. దెబ్బ తగిలి రక్తం పోతున్నవాళ్లకు రక్తస్రావం తగ్గించే ట్రానెగ్జామిక్ యాసిడ్. 40 దేశాలు, 274 ఆసుపత్రులు, ఇరవై వేల పైచిలుకు మంది. మరణాలు 16.0 శాతం నుంచి 14.5కి తగ్గాయి. తేడా ఒకటిన్నర, అంటే సుమారు 67 మందికి ఇస్తే ఒకరు. ఇంత చిన్న తేడా పట్టుకోవాలంటే అంతమంది ఎందుకు కావాలో గింజల సంచి చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. తర్వాత అదే సమాచారాన్ని తిరిగి చూస్తే, దెబ్బ తగిలిన మూడు గంటల్లోపు ఇచ్చినప్పుడే మేలు. మూడు దాటాక ఇస్తే రక్తస్రావంతో చావులు పెరిగాయి. ఇప్పుడు అడగండి: భూపాలపల్లి అవతల బొగ్గు లారీ గుద్దిన మనిషికి 108 ఎంతసేపట్లో వచ్చింది, దారిలో ఎక్కడెక్కడ ఆగింది, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో సూది పడేసరికి ఎన్ని గంటలైంది? కేస్‌షీట్ మీద దెబ్బ తగిలిన టైమ్ రాసి ఉందా? చాలా కేస్‌షీట్లలో చేరిన టైమే ఉంటుంది.

రెండోది జంట. నెలలు నిండకముందే కాన్పు అయ్యేటట్టుంటే తల్లికి స్టెరాయిడ్ సూది. ధనిక దేశాల ట్రయల్స్‌లో ఇది పిల్లల్ని కాపాడింది. మన దేశం సహా ఆరు దేశాల్లో ఊళ్ల స్థాయి నుంచి దీన్ని విస్తరించి చూసిన యాక్ట్ ట్రయల్ 2015లో వచ్చింది. మొత్తం పిల్లల్లో నెలలోపు మరణాలు వెయ్యికి 23.9 బదులు 27.4. తగ్గలేదు, పెరిగాయి. 2020లో యాక్షన్ ట్రయల్ అదే మందును మన దేశం సహా ఐదు దేశాల్లో పెద్ద ఆసుపత్రుల్లో పరీక్షించింది. నవజాత మరణాలు 23.5 శాతం నుంచి 19.6కి తగ్గాయి, సుమారు పాతిక మంది తల్లులకు ఇస్తే ఒక బిడ్డ. ఏది నిజం? రెండూ. రెండోదానిలో నెలలు స్కాన్‌తో తేల్చుకున్నారు, పుట్టిన బిడ్డను చూసుకునే ఏర్పాట్లున్నాయి. మొదటిదానిలో నెలల లెక్క అంత గట్టిగా లేక, సూది పడ్డవాళ్లలో చాలామంది చివరికి నెలలు నిండే కన్నారు. ఆఖరి ముట్టు తేదీ "సంక్రాంతి ముందట" అని చెప్పే గర్భిణిని మీ పిల్లలు పోస్టింగుల్లో చూసే ఉంటారు. ఈ రెండు టేబుళ్లూ పక్కపక్కన పెట్టి గంటంతా వాళ్లకే వదిలేయండి, మీరు మాట్లాడొద్దు.

రిజిస్ట్రీ చూడడం ఐదు నిమిషాల పని, అలవాటు చేయండి. మన దేశంలో ట్రయల్స్ నమోదయ్యే సీటీఆర్ఐ 2007 నుంచి ఉంది, 2018 ఏప్రిల్ నుంచి మొదటి రోగి చేరకముందే నమోదు చేస్తేనే తీసుకుంటున్నారు. పేపర్‌లో ఉన్న నంబర్ కొట్టి, ముందు ఏం కొలుస్తామన్నారో, అచ్చులో ఏం కొలిచామంటున్నారో పోల్చాలి. బాణం కొట్టాక దాని చుట్టూ గురి గీసుకున్నవాళ్లు ఇక్కడ దొరుకుతారు.

మార్కులు పదికి వేయండి: నాలుగు ప్రశ్నలకు 2, గుంపులు ఎట్లా చేశారో చెప్పినందుకు 2, తీసివేత లెక్కకు 3, అటెండెంట్ వాక్యానికి 3. పీపీటీకి సున్నా. ఒకరు చెప్పి ముప్పై తొమ్మిది మంది వినే పద్ధతి పూర్తిగా ఆపండి. జట్టుకొక కాగితం, కాగితం మీద నలుగురి చేతిరాతా ఉండాలి. తల దించుకునే పిల్లల్ని పేరు పెట్టి నిలబెట్టకండి. జవాబు బయటపెట్టే ముందు "మేలా, కీడా, తేలలేదా" అని చేతులెత్తించండి. ఒకసారి చెయ్యెత్తాక ఎందుకెత్తావంటే చెబుతారు.

గింజలకు సిరా ముందు రోజు పొద్దున్నే పట్టించి, ఎండలో బాగా ఆరనివ్వండి. తడిగా ఉంటే చేతికి జిగటగా తగిలి, చూడకుండానే ఏది ఎర్రదో తెలిసిపోతుంది. కొంటె పిల్లలు కావాలని ఎర్రవే ఏరి తీస్తారు. అట్లా జరిగితే ఆ రోజు సీలు కవర్ల పాఠం చెప్పేయండి.